మేం మంత్రగత్తెలమే... అయితే!

చీపురుకట్ట మీద ఎగిరే ముసలమ్మ, పొయ్యిమీద కుతకుతలాడే నల్లటి గుండిగ, కొనదేలిన టోపీ... పాశ్చాత్య దేశాల్లో మంత్రగత్తె అనగానే గుర్తొచ్చే బొమ్మ ఇదే. ఒకప్పుడు ఆ పేరు వింటేనే ఊళ్లు వణికిపోయేవి. ఆ ముద్ర పడితే చాలు, ప్రాణాలు పోయేవి. అలాంటి పేరుని ఏరికోరి తెచ్చి తమకు తామే పెట్టుకున్నవాళ్లున్నారు. వాళ్ల మతం పేరు... విక్కా.

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఫెర్న్‌లీ అనే ఊరుంది. అక్కడ మాజీ సైనికుల శ్మశానవాటికలో ఓ స్మారక కుడ్యం. అమరుల పేర్లు చెక్కిన ఫలకాలు ఆ గోడ నిండా వరసగా ఉంటాయి. ఒక్కచోట మాత్రం చాలాకాలం ఖాళీగా ఉండిపోయింది. అది సార్జెంట్ ప్యాట్రిక్ స్టీవర్ట్‌ది. 2005 సెప్టెంబరు 25న అఫ్గానిస్థాన్‌లో హెలికాప్టర్‌ని శత్రువులు కూల్చేసినప్పుడు చనిపోయాడాయన. దేశంకోసం ప్రాణమిచ్చిన సైనికుడి పేరు గోడమీద లేకపోవడానికి కారణం చిన్న గుర్తు. వలయంలో ఐదు కొనల నక్షత్రం!

సైనికుల సమాధి ఫలకాలమీద వాళ్ల మత చిహ్నాన్ని చెక్కించడం అమెరికా ప్రభుత్వ ఆనవాయితీ. క్రైస్తవుల శిలువ, యూదుల నక్షత్రం, ముస్లింల నెలవంక, హిందువుల చిహ్నం... ఇలా 38 గుర్తులకు అప్పటికే అనుమతి ఉంది. దేవుడు లేడనేవాళ్లకీ ఓ గుర్తుంది. విక్కా వాళ్ల నక్షత్రానికి మాత్రం లేదు. ఇమ్మని దాదాపు పదేళ్లుగా అడుగుతున్నా మాజీ సైనికుల శాఖ నుంచి జవాబు రాలేదు. ప్యాట్రిక్ భార్య రాబర్టా పట్టుబట్టింది. ‘ఆ గుర్తు లేకుండా నా భర్త పేరు చెక్కడానికి వీల్లేదు’ అంది. అందుకే ఆ ఖాళీ.

ఇంతకీ ఆ నక్షత్రంలో ఏముంది? అదంటే అంత భయమెందుకు?

పూజారిణులే పెద్దలు

విక్కాకు ప్రవక్త లేడు. అందరూ ఒప్పుకునే పవిత్రగ్రంథం లేదు. పెద్దపీఠం లేదు. మతప్రచారం చేయరు, ఎవర్నీ రమ్మని పిలవరు. ప్రకృతే వాళ్లకు దైవం. ఆ దైవానికి రెండు రూపాలు. ఒకరు దేవి. చంద్రుడు ఆమెకు గుర్తు. పెరిగే చంద్రుడిలా కన్యగా, నిండు చంద్రుడిలా తల్లిగా, తరిగే చంద్రుడిలా వృద్ధురాలిగా ఆమెను మూడు రూపాల్లో కొలుస్తారు. రెండోవారు దేవుడు. అడవికీ జంతువులకీ సూర్యుడికీ ప్రతీక. తలమీద దుప్పి కొమ్ములుంటాయి.

ఆ కొమ్ములే చిక్కు తెచ్చిపెట్టాయి. క్రైస్తవ దేశాల్లో కొమ్ములంటే సైతాను గుర్తొస్తాడు. దాంతో విక్కా అంటే సైతాను పూజ అనే ప్రచారం మొదలైంది. నిజానికి సైతాను అనేవాడు ఉన్నాడనే విక్కా వాళ్లు నమ్మరు. నమ్మనివాడికి పూజలెలా చేస్తారు! ఐదు కొనల నక్షత్రానిదీ ఇదే కథ. నేల, నీరు, నిప్పు, గాలి... ఐదోది ఆత్మ. ఈ ఐదింటికీ ఐదు కొనలు. పంచభూతాల లెక్క తెలిసినవాళ్లకు ఇందులో భయపడాల్సిందేమీ కనిపించదు.

నీతి సూత్రాలూ ఎక్కువేం లేవు. ఎవరికీ హాని జరగనంతవరకూ నీకు నచ్చినట్టు బతకొచ్చు... ఇది మొదటిది. నువ్వు చేసింది మంచైనా చెడైనా మూడింతలై నీ దగ్గరికే తిరిగొస్తుంది... ఇది రెండోది. చాలామంది పునర్జన్మనూ నమ్ముతారు. చనిపోయినవాళ్లు ‘వేసవి సీమ’ అనే చోట కొంతకాలం సేదతీరి మళ్లీ పుడతారట.

సంప్రదాయ బృందాన్ని ‘కొవెన్’ అంటారు. పదమూడు మందికి మించకపోవడం పాత ఆనవాయితీ. ప్రధాన పూజారిణిదే పెద్దరికం. ఆమె పక్కన పూజారి ఉంటాడు. స్త్రీ పెద్దగా నిలబడి పూజ నడిపించే ఈ పద్ధతే అమెరికాలో 1970ల నాటి స్త్రీవాదుల్ని ఆకట్టుకుంది. కొత్తగా చేరాలనుకున్నవాళ్లు చాలాచోట్ల ఏడాదీ ఒక రోజూ ఆగాలి. ఆ తర్వాతే దీక్ష. అందులోనూ మూడు అంచెలు.

పున్నమి రాత్రి...

పూజకు గుడి అక్కర్లేదు. తోట, పెరడు, హాల్లో సోఫా జరిపితే వచ్చే ఖాళీ... ఏదైనా చాలు. ముందు చీపురుతో ఆ చోటును ఊడుస్తారు. కథల్లో మంత్రగత్తె ఎగిరే చీపురు విక్కా వాళ్లింట్లో చేసే పని ఇదే! దుమ్ముతోపాటు చెడునూ ఊడ్చేస్తున్నామని భావన. పూజారిణి నల్లపిడి కత్తి పట్టుకుని గాలిలోనే చుట్టూ ఓ వలయం గీస్తుంది. ఆ కత్తిని ‘అథామే’ అంటారు. దాంతో దేన్నీ కోయరు. బలులూ ఉండవు.

వలయం గీశాక ఉప్పు కలిపిన నీళ్లు చల్లుతారు. సాంబ్రాణి ధూపం వేస్తారు. తూర్పున గాలిని, దక్షిణాన నిప్పుని, పడమర నీటిని, ఉత్తరాన నేలని పేరుపేరునా పిలుస్తారు. తర్వాత దేవీదేవుళ్లకు ఆహ్వానం. పున్నమినాడైతే చంద్రుడి శక్తి పూజారిణి మీదికి దిగుతుందని నమ్ముతారు. ఆ సమయంలో ఆమె పలికేది దేవి మాట. పూనకం వచ్చిన అమ్మవారి భక్తురాలి చుట్టూ మన ఊళ్లలో జనం చేతులు జోడించి నిలబడరూ... ఇంచుమించు ఆ దృశ్యమే. పోలికే తప్ప రెండింటికీ చుట్టరికం లేదు. చివర్లో రొట్టెలు, ద్రాక్షసారా పంచుకుంటారు. పిలిచిన దిక్కులన్నిటికీ వీడ్కోలు చెప్పి వలయాన్ని విప్పేస్తారు.

కొన్ని బృందాలు బట్టల్లేకుండా పూజ చేస్తాయి. దాన్ని వాళ్లు ‘ఆకాశమే వస్త్రం’ అంటారు. మన ‘దిగంబర’ అన్న మాటకీ అర్థం అదేగా! ఈ ఒక్క ముక్క పట్టుకుని 1950ల్లో బ్రిటన్ పత్రికలు పతాక శీర్షికలు పెట్టి మరీ రచ్చ చేశాయి. ఇప్పుడు చాలామంది మామూలు దుస్తుల్లోనో పొడవాటి అంగీల్లోనో పూజ చేస్తున్నారు.

మరి మంత్రాల సంగతి? ఉన్నాయి. కొవ్వొత్తి వెలిగించి మనసులో కోరిక నిలుపుకోవడం, దారానికి ముడులు వేయడం, మూలికలు మూటగట్టి దగ్గరుంచుకోవడం లాంటివి. ఉద్యోగం రావాలనీ జబ్బు తగ్గాలనీ మనసు కుదుటపడాలనీ చేస్తుంటారు. ఇవి పనిచేస్తాయనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. విక్కా వాళ్లలోనూ చాలామంది ‘ఇది ప్రార్థనలాంటిది, మనసుకు బలాన్నిచ్చేది’ అనే చెబుతారు. ఒకరికి కీడు తలపెట్టి చేసే ప్రయోగాలు మాత్రం వాళ్లకు నిషిద్ధం. మూడింతల సూత్రం ఉండనే ఉందిగా!

ఏడాదికి ఎనిమిది పండగలు

విక్కా క్యాలెండరు ఓ చక్రం. దానికి ఎనిమిది ఆకులు. అన్నీ రుతువులతో ముడిపడ్డవే.

సావిన్ (అక్టోబరు 31): చనిపోయిన పెద్దల్ని తలచుకునే రోజు. భోజనాల దగ్గర వాళ్లకోసం ఓ కంచం పెట్టేవాళ్లూ ఉన్నారు. మన మహాలయ అమావాస్య గుర్తొస్తుంది. చాలామందికి ఇదే కొత్త సంవత్సరం.

యూల్ (డిసెంబరు 21 ప్రాంతం): ఏడాదిలో అతి పొడవైన రాత్రి. రేపట్నుంచి పొద్దు పెరుగుతుందన్న సంతోషంతో మంటలు, దీపాలు.

ఇంబోల్క్ (ఫిబ్రవరి 1, 2): చలి తగ్గుముఖం పట్టే వేళ. ఇల్లంతా శుభ్రం చేసుకుని కొవ్వొత్తులు వెలిగిస్తారు.

ఒస్తారా (మార్చి 21 ప్రాంతం): పగలూ రాత్రీ సమానమయ్యే రోజు. రంగులేసిన గుడ్లు, విత్తనాలు.

బెల్టేన్ (మే 1): పువ్వుల పండగ. నాటిన గుంజకు రంగురంగుల రిబ్బన్లు కట్టి, వాటిని అల్లుతూ చుట్టూ ఆడతారు.

లిథా (జూన్ 21 ప్రాంతం): అతి పొడవైన పగలు. సూర్యుడి పండగ.

లామాస్ (ఆగస్టు 1): మొదటి పంట ఇంటికొచ్చే రోజు. కొత్త గోధుమలతో రొట్టె చేస్తారు.

మేబన్ (సెప్టెంబరు 21 ప్రాంతం): మళ్లీ పగలూ రాత్రీ సమానం. పండ్లూ పంటా ఇచ్చిన నేలకు కృతజ్ఞత చెప్పుకునే రోజు.

ఇవన్నీ ఉత్తరార్ధగోళం లెక్కలు. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకు డిసెంబరులో ఎండాకాలం కాబట్టి చాలామంది చక్రాన్ని ఆరునెలలు అటూఇటూ తిప్పేసుకుంటారు!

టీ తోటల నుంచి...

వేల ఏళ్లనాటి మతంలా కనిపిస్తుంది కదూ! మొదట్లో విక్కా వాళ్లూ అలాగే చెప్పుకున్నారు. కానీ దీని వయసు ఒక మనిషి జీవితకాలం అంత. జనంలోకి తెచ్చింది జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆంగ్లేయుడు.

1884లో లివర్‌పూల్ దగ్గర్లో ఓ సంపన్న కలప వ్యాపారి ఇంట్లో పుట్టాడాయన. చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. బడికి సరిగా వెళ్లిందే లేదు. సొంతంగానే చదవడం నేర్చుకున్నాడు. పెంచిన ఆయా పెళ్లి చేసుకుని సిలోన్ వెళ్తుంటే ఆమె వెంట తనూ వచ్చేశాడు. అక్కడి టీ తోటల్లో, తర్వాత మలయా రబ్బరు తోటల్లో పనిచేశాడు. చివరికి మలయాలో కస్టమ్స్ అధికారి అయ్యాడు. స్థానికుల నమ్మకాలు, తాయెత్తులు, కత్తులంటే ఆయనకు పిచ్చి. మలయా కత్తులమీద ఏకంగా పుస్తకమే రాశాడు. 1936లో పదవీ విరమణ చేసి ఇంగ్లండ్ చేరాడు.

కొన్నాళ్లకు దక్షిణ తీరంలోని హైక్లిఫ్‌లో స్థిరపడి, పక్కనే ఉన్న క్రైస్ట్‌చర్చ్ పట్టణంలో ఓ ఆధ్యాత్మిక బృందంలో చేరాడు. ఆ బృందంలో ఒకావిడ పేరు మేబెల్ బీసెంట్-స్కాట్. ఆవిడెవరో కాదు... మదనపల్లెలో బీసెంట్ థియసాఫికల్ కాలేజీ ఎవరి పేరుతో ఉందో ఆ అనీబీసెంట్ కూతురు! అక్కడి కొందరు తనను 1939లో దగ్గర్లోని న్యూఫారెస్ట్ ప్రాంతపు రహస్య మంత్రగత్తెల బృందానికి పరిచయం చేశారనీ, వాళ్ల దగ్గరే దీక్ష తీసుకున్నాననీ గార్డ్‌నర్ చెప్పుకున్నాడు. 1940లో హిట్లర్ సేనలు ఇంగ్లండ్ మీదికి రాకుండా తామంతా అడవిలో చేరి పూజ చేశామని కూడా అన్నాడు. నిజమెంతో తేల్చే సాక్ష్యం దొరకలేదు.

అప్పటికి బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్య చట్టం ఇంకా బతికే ఉంది. మంత్రశక్తులున్నాయని చెప్పుకుని మోసం చేసేవాళ్లను శిక్షించే చట్టమది. 1944లోనూ ఆత్మలతో మాట్లాడతానన్న హెలెన్ డంకన్ అనే మహిళను దానికిందే జైల్లో పెట్టారు. 1951లో ఆ చట్టం రద్దయింది. మూడేళ్లకే, 1954లో, గార్డ్‌నర్ పుస్తకం బయటికొచ్చింది. మంత్రగత్తెలు ఇంకా ఉన్నారనీ వాళ్లది క్రైస్తవం రాకముందు నుంచీ ఉన్న పాత మతమనీ అందులో రాశాడు.

ఆ మాట ఆయన సొంతం కాదు. మన కలకత్తాలో పుట్టిన మార్గరెట్ ముర్రే అనే ఈజిప్టు చరిత్ర పరిశోధకురాలు 1921లోనే ఓ పుస్తకంలో ఈ వాదన చేసింది. ఐరోపాలో చంపేసిన మంత్రగత్తెలంతా ఓ పురాతన మతానికి చెందినవారంది. గార్డ్‌నర్ పుస్తకానికి ముందుమాట రాసిందీ ఆమే. తర్వాతి చరిత్రకారులు పాత విచారణ పత్రాలన్నీ తిరగేసి ఆ వాదనను కొట్టిపారేశారు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రొనాల్డ్ హటన్ 1999లో వెలువరించిన గ్రంథంలో విక్కా అచ్చంగా ఆధునిక కాలంలో రూపుదిద్దుకున్న మతమని వివరించాడు. పాత జానపద నమ్మకాలు, రహస్య సంఘాల క్రతువులు, కవుల ఊహలు... అన్నీ కలిపి అల్లిన కొత్త నేత ఇది.

ఆ నేతలో అందమైన పోగులు వేసింది డోరీన్ వాలియెంటే. 1953లో గార్డ్‌నర్ దగ్గర దీక్ష తీసుకుంది. ‘ప్రాచీనం’ అని ఆయన చూపించిన పూజా పుస్తకంలో కొన్ని భాగాలు ఈమధ్య రచయితలవేనని ఇట్టే పట్టేసింది. ‘అయితే నువ్వే బాగా రాయి’ అన్నాడాయన. రాసింది! ఇప్పటికీ విక్కా పూజల్లో వినిపించే దేవి పలుకులు చాలావరకూ ఆమె తీర్చిదిద్దినవే. 1957లో ఇద్దరికీ చెడింది. గార్డ్‌నర్ పత్రికల వెంట పడటం ఆమెకు నచ్చలేదు. వయసు మీరిన పూజారిణి పడుచుపిల్లకు చోటిచ్చి తప్పుకోవాలని ఉన్న ‘పాత నియమాల’ను ఆయన బయటికి తీయడంతో ఇంకా మండింది. ఆమె బృందాన్ని వదిలేసింది కానీ మతాన్ని వదల్లేదు. 1999లో కన్నుమూసేదాకా రాస్తూనే ఉంది. బ్రైటన్‌లో ఆమె ఉన్న భవనానికి 2013లో స్మారక ఫలకం పెట్టారు.

గార్డ్‌నర్ 1964లో ఓడ ప్రయాణంలో చనిపోయాడు. అప్పటికే ఆయన శిష్యుడు రేమండ్ బక్‌లాండ్ విక్కాను అమెరికా చేర్చాడు. 1988లో స్కాట్ కన్నింగ్‌హామ్ రాసిన పుస్తకంతో కొవెన్ లేకుండా ఒంటరిగా పాటించేవాళ్లు పెరిగారు. అమెరికాలో 1990లో 8 వేలున్న విక్కన్లు 2008 నాటికి 3 లక్షల 42 వేలయ్యారని ఓ సర్వే అంచనా. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 జనాభా లెక్కల్లో తమ మతం విక్కా అని సుమారు 13 వేలమంది రాశారు. మనదేశంలో ఈ పేరు వినిపించిందంటే కోల్‌కతాకు చెందిన ఇప్సితా రాయ్ చక్రవర్తి వల్లే. తాను విక్కన్‌నని ఆమె బహిరంగంగా చెప్పుకున్నారు, పుస్తకాలూ రాశారు.

ఆ పేరే ఎందుకు?

ఇంత మెత్తటి మతానికి ఆ పాడుపేరెందుకు? వేరే ఏదైనా పెట్టుకోవచ్చుగా! ‘విక్కా’ అన్నది పాత ఇంగ్లిషు మాట. దాని అర్థమే మంత్రగాడు. ఐరోపాలో 15 నుంచి 18వ శతాబ్దం దాకా మంత్రగత్తెలన్న నెపంతో చంపేసినవాళ్లు 40 వేల నుంచి 60 వేల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. ఎక్కువమంది ఆడవాళ్లే. 1692లో అమెరికాలోని సేలంలో 19 మందిని ఉరి తీశారు. వాళ్లెవరూ మంత్రగత్తెలు కాదు. ‘పాత మతం’ వాళ్లూ కాదు. పొరుగువారి పగకూ భయానికీ బలైన మామూలు మనుషులు. వాళ్లమీద వేసిన నిందను కిరీటంలా పెట్టుకోవడమే వాళ్లకు చేసే న్యాయం అంటారు చాలామంది విక్కన్లు.

ఆ న్యాయం ప్రభుత్వాల నుంచి ఆలస్యంగా వచ్చింది. స్కాట్లాండ్‌లో అలా శిక్షలకు గురైనవాళ్లందరికీ నాటి ప్రథమ మంత్రి నికోలా స్టర్జన్ 2022 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, క్షమాపణ చెప్పారు. సేలంలో దోషిగా మిగిలిపోయిన ఎలిజబెత్ జాన్సన్‌ను 2022లో నిర్దోషిగా ప్రకటించారు. అంటే... దాదాపు 330 ఏళ్లకు!

మన దగ్గర ఆ పేరు ఇంకా పాతబడలేదు. బిహార్ 1999లో, ఝార్ఖండ్ 2001లో ‘మంత్రగత్తె’ అని ముద్ర వేసి హింసించడాన్ని అడ్డుకునేందుకు ప్రత్యేక చట్టాలే తెచ్చుకోవాల్సి వచ్చింది. తెలుగు పల్లెల్లోనూ చేతబడి, బాణామతి అనుమానంతో పళ్లు పీకడాలూ కొట్టి చంపడాలూ చూశాం. పశువు చచ్చినా బిడ్డకు జ్వరమొచ్చినా వేలు చూపేది ఎక్కువగా ఒంటరి మనిషి వైపే. విక్కా వాళ్లు ఆ పేరుని తమంత తాము ఎంచుకున్నారు. ఇక్కడ దాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దుతున్నారు. తేడా అంతా అక్కడే ఉంది.

ఖాళీ నిండింది

రాబర్టా దగ్గరికి మళ్లీ వద్దాం. అమెరికా న్యాయస్థానాలు విక్కాను మతంగా 1986లోనే గుర్తించాయి. అయినా ఎదురుగాలి తగ్గలేదు. సైనిక స్థావరంలో విక్కన్లు పూజలు చేసుకుంటున్నారని 1999లో పెద్ద గొడవైంది. మంత్రవిద్యను తాను మతంగా భావించడం లేదని అప్పటి టెక్సాస్ గవర్నర్ జార్జి బుష్ అన్నారు. ఆయనే తర్వాత దేశాధ్యక్షుడు. ఆయన హయాంలోనే ప్యాట్రిక్ యుద్ధానికి వెళ్లాడు.

రాబర్టా ఎక్కని గడప లేదు. ముందు నెవాడా రాష్ట్రం కదిలింది. శ్మశానవాటిక తమదే కాబట్టి కేంద్రం అనుమతితో పనిలేదంటూ 2006లో నక్షత్రంతో ఉన్న ఫలకాన్ని పెట్టించింది. రాబర్టా అక్కడితో ఆగలేదు. మిగతా కుటుంబాల మాటేమిటంటూ మరికొందరితో కలిసి కేంద్రం మీద దావా వేసింది. చివరికి 2007 ఏప్రిల్ 23న ప్రభుత్వం రాజీకొచ్చి ఆ నక్షత్రాన్ని జాబితాలో 39వ గుర్తుగా చేర్చింది.

ఇప్పుడు ఫెర్న్‌లీ గోడమీద ఖాళీ లేదు. ప్యాట్రిక్ స్టీవర్ట్ పేరుంది. ఆ పేరు పక్కన, వలయంలో ఓ చిన్న నక్షత్రం ఉంది.